కొట్టములోని శోకము

పుష్యమాసపు రాత్రులలో మందమర్రి చుట్టుప్రక్కల చలి ఎముకలను కొరుకును. రాత్రి షిఫ్టునకు పోవు కార్మికులు చెవులకు మఫ్లరు చుట్టుకొని నడచుచుందురు. అట్టి యొక రాత్రి ఒక ఇంటి వెనుక రేకుల కొట్టములో మేక ఈనినది. ఆ చప్పుడు ఎవరికిని వినబడలేదు. తెల్లవారి కొట్టము తడిక తీసిన కోడలికి రెండు పిల్లలు కనబడినవి. ఒకటి వణకు కాళ్లమీద నిలిచి తల్లి పొదుగును వెదకుచున్నది. రెండవది గోడవార తడిగడ్డిమీద కాళ్లు చాచి పడియున్నది. ఆమె దానిని కొంగున చుట్టి ఒడిలో పెట్టుకొన్నది. నోటిలో వ్రేలుంచి చూచినది, నోరు చల్లగానున్నది. పొద్దెక్కునప్పటికి అది పోయినది.

ఇది ఫలానా ఇంటి సంగతియని చెప్పుటకు కాదు. రెండు మూడు మేకలను సాకుకొను ఇండ్లలో ఏదో యొక చలికాలమున జరుగునదే. అట్టి ఇంటినొకదానిని మనస్సున నిలుపుకొందము. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఇంటి యజమాని కొట్టము వైపు తొంగిచూచి, “పెరిగితె ఆరేడు వేలు పలుకుతుండె, మట్టిల గలిసినయి” అనినాడు. అతని తల్లి, “దాని రాత గంతే, ఏడ్వకు బిడ్డా” అని కోడలితో అన్నది. కోడలు ఏమియు పలుకలేదు. బడికి పోవలసిన పదేండ్ల పిల్లవాడు మాత్రము పుస్తకముల సంచి భుజమున వేసికొని అచ్చటనే నిలిచియున్నాడు. వానికొక ప్రశ్న కలదు. దానిని వాడు సాయంకాలమునకు గాని అడుగలేదు.

మందమర్రి బొగ్గు నేల. 1871లో ఇల్లందు ప్రాంతమున విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గును కనుగొన్నది మొదలు గోదావరి లోయ యంతయు క్రమముగా గనుల సీమయైనది. 1920లో సింగరేణి కంపెనీ యేర్పడినది. నాటి ఆదిలాబాదు జిల్లాలో, 2016 అక్టోబరు నుండి మంచిర్యాల జిల్లాలో ఉన్న ఈ ఊరి పేరులో మంద, మర్రి రెండును చెవిని పడుచున్నవి. గనులకు మాత్రము కల్యాణిఖని యని పేరు. ఆ పేరు వినగనే బసవేశ్వరుని కల్యాణము తలపునకు వచ్చుట వీరశైవులకు సహజమే గాని, ఆ రెండింటికి సంబంధమున్నదని భ్రమపడనక్కరలేదు. ఓపెన్‌కాస్టు గనులు వచ్చిన తరువాత మట్టిగుట్టలు పెరిగినవి, బీళ్లు తగ్గినవి. అయినను తుమ్మకంప, రేగుకంప ఉన్నంతవరకు మేక బ్రదుకును. కనుకనే క్వార్టర్ల అంచులను, పాత పల్లెలలోను, జీతము చాలని ఇండ్లలోను, జీతగాడు లేని ఇండ్లలోను మేక నిలిచినది. 2019 పశుగణన ప్రకారము దేశములో సుమారు 14.89 కోట్ల మేకలు కలవు. తెలంగాణలోనే సుమారు 49 లక్షలు. ఆ లెక్క ఎత్తుటకు వచ్చిన వారికి బ్రదికియున్న తలలు చాలును. పుట్టిన దినముననే పోయిన పిల్ల ఏ పుస్తకములోను ఎక్కదు.

అట్టి పిల్లకై ఒక మనిషి దుఃఖించుట తగునా, తగదా యనునది మొదటి ప్రశ్న. తగదను వారి మాటలో బలమున్నది. ఇది మనుష్యులు చనిపోవు చోటు. 2003 జూన్ 16న గోదావరిఖనిలో 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 మంది కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. గని ముఖద్వారమున ఆడవారు నిలిచి ఎదురుచూచుట ఎట్టిదో ఈ సీమలో చాల ఇండ్లకు తెలియును. ప్రక్కింట కొడుకును పోగొట్టుకొన్న తల్లి యుండగా, మేకపిల్ల పోయినదని ఈ ఇంటి కోడలు ఏడ్చిన యెడల నలుగురు నవ్వరా? ఆమె పలుకకుండుటకు కారణమదియే. ఆమెకు దుఃఖముకంటె సిగ్గు ఎక్కువైనది.

కాని శోకము చౌకధరల దుకాణములో తూచి యిచ్చు సరుకు కాదు. ఒకచోట వాడినచో మరొకచోట తరుగునను భయము లేదు. పైగా అనుభవము దీనికి విరుద్ధముగా నున్నది. చిన్న ప్రాణము పోయినప్పుడు కన్ను చెమర్చని ఇల్లు, పెద్ద ప్రాణము పోయినప్పుడు ప్రక్కింటికి ముందుగా పరుగెత్తినదని ఎవరును చూడలేదు. గనిలో ప్రమాదము జరిగిన నాడు వంట మాని పోయి ఆ తల్లి ప్రక్కన కూర్చుండు స్త్రీయు, కొట్టములో చల్లబడిన పిల్లను కొంగున చుట్టు స్త్రీయు తరచుగా ఒక్కతెయే. ఆ రెండు దుఃఖములు సమానములని చెప్పుట లేదు. అట్లు చెప్పుట ఆ తల్లికి అవమానము. పెద్ద దుఃఖమున్నది గనుక చిన్నదానికి చోటులేదను వాదము మాత్రమే తప్పు.

యజమాని మాటను ఇప్పుడు చూతము. అతడు రూకలలో మాటలాడినాడని అతనిని కఠినునిగా తలపరాదు. ఆరేడు వేలనగా ఆ యింట ఒక పిల్లవాని బడి ఖర్చు, లేక ముసలామె మందులు. అప్పుడే పుట్టిన పిల్లకు సాధారణముగా బీమా కూడ నుండదు. అతడు చెప్పినది నష్టము. నష్టము వేరు, శోకము వేరు. వాల్మీకి క్రౌంచమును చూచి శోకించినాడు. ఆ పక్షి ఆయన సొమ్ము కాదు, ఆయనకు కలిగిన నష్టమేమియు లేదు. నష్టము లేని శోకమునకు అది యుదాహరణ. శోకము లేని నష్టమును మన సంతలలో ప్రతివారము చూచుచున్నాము. పేద రైతు కొట్టములో ఈ రెండును ముడివడి వచ్చును. అతడు ఏ దారమును లాగినను రెండవది కదలును. మగవానికి నష్టమును గూర్చి పైకి చెప్పుటకు లోకము అనుమతించినది, శోకమును గూర్చి చెప్పుటకు అనుమతింపలేదు. అందుచేత అతడు శోకమును కూడ రూకలలోనే చెప్పును. డ్యూటీ దిగి వచ్చినవాడు అన్నము తినక నేరుగ కొట్టమునకు ఎందుకు పోయినాడో అతనిని అడిగినచో చెప్పలేడు.

ఇక ముసలామె మాట. “దాని రాత” యనుట ఓదార్పు. ఓదార్పుగా అది యొక పూటకు పనిచేయును. సత్యముగా దానిని స్వీకరించినచో చిక్కు వచ్చును. ఆ రాతలో ఎంత భాగము విధిది, ఎంత భాగము చలిది, ఎంత భాగము తెలియమిది? ఈ విషయము కొంచెము వివరముగా చెప్పుకొనవలసియున్నది.

మానవశిశువు తల్లి గర్భముననే రోగములనెదిరించు శక్తిని కొంత పొంది పుట్టును. మేకపిల్లకు ఆ భాగ్యము లేదు. మేక మాయ గుండ ఆ రక్షకద్రవ్యములు పిల్లకు చేరవు. అది పూర్తిగా నిరాయుధముగ ఈ లోకమున పడును. దాని కవచమంతయు తల్లి మొదటి పాలలో, అనగా ముర్రుపాలలో నున్నది. ఆ ద్రవ్యములను పిల్ల ప్రేగు స్వీకరించు శక్తి పుట్టిన గడియ నుండియే తగ్గుచువచ్చి, ఒక దినము గడచునప్పటికి దాదాపు మూసికొనిపోవును. కనుక మొదటి గంటలో పాలు పడవలెను; మొదటి ఇరువదినాలుగు గంటలలో పిల్ల బరువులో పదియవ వంతు, అనగా రెండు కిలోల పిల్లకు ఇన్నూరు మిల్లీలీటర్లు, కొద్దికొద్దిగా చేరవలెను. “ముర్రుపాలు పిల్లకు అరగవు, పిండి పారబోయవలె” నను నమ్మకము ఏ ఇంటనైన నున్నయెడల, ఆ ఇంటివారు పిల్ల కవచమును తమ చేతులతో నేలపాలు చేయుచున్నారన్నమాట.

రెండవది చలి. మేక శరీరపు వేడిమి మనకంటె ఎక్కువ, 39 డిగ్రీల ప్రాంతము. తడిసి పుట్టిన పిల్లకు ఆ వేడిమిని నిలుపుకొనుటకు ఒంటిలో నున్న కొవ్వు కొద్ది గంటలకే చాలును. తల్లి నాకి ఆరబెట్టినచో, కడుపున పాలు పడినచో నిలుచును. కవలలైనప్పుడు తల్లి మొదటిదానిని నాకుచుండగా రెండవది తడిగానే యుండిపోవుట కలదు. చల్లబడిన పిల్లకు పీల్చు శక్తి పోవును. పీల్చనందున మరింత చల్లబడును. అట్టిదానికి వెంటనే పాలు పోయుట ప్రమాదము. ముందు ఒళ్లు తుడిచి, గొంగడిలో చుట్టి, వేడినీటి సీసాల నడుమ వెచ్చబరచి, తల నిలిపిన తరువాతనే పాలు త్రాగింపవలెను. వెచ్చదనమునకని మూసిన కొట్టములో బొగ్గుల కుంపటి పెట్టువారు కలరు. ఆ గాలి ఏమి చేయునో బొగ్గుబాయిలో పనిచేసినవానికి వేరుగ చెప్పనక్కరలేదు.

మూడవది బొడ్డు. తెగిన బొడ్డుకు అయొడిను మందు అద్దనిచో ఆ దారిని విషక్రిములు చేరి, వారము తిరుగకముందే కీళ్లు వాచి పిల్ల లేవలేకపోవును. ఆ పైన చిటుకరోగము, పారుడురోగము మొదలగునవి. పారుడురోగము, అనగా పి.పి.ఆర్., మనదేశమున మొదట 1987లో తమిళనాడులో గుర్తింపబడినది. ముక్తేశ్వరములోని పశువైద్య పరిశోధన సంస్థలో దానికి టీకా తయారైనది. ఆ టీకా మూడు నెలలు నిండిన పిల్లలకు వేయుదురు. దాని రక్షణ ఏండ్ల తరబడి నిలుచును. అంతకులోపు పిల్లకు రక్షణ తల్లి పాలే, తల్లికి టీకా పడియున్నచో. పశువులను మందలు మందలుగా తుడిచిపెట్టిన రిండర్‌పెస్టు అను జాడ్యము భూమిమీద లేదని 2011లో ప్రకటించిరి. మేకలను చంపు ఈ పారుడురోగమును కూడ 2030 నాటికి నిర్మూలింపవలెనని ప్రపంచ సంస్థలు పూనుకొన్నవి.

ముసలామె చిన్ననాట రిండర్‌పెస్టు వచ్చి ఎడ్లు పడిపోయినప్పుడు ఊరు దానిని రాత యన్నది. నేడు అట్లనుటకు లేదు. ఆనాడు వారు అబద్ధమాడిరని కాదు. విధి యను పొలమునకు నాడు గట్టు అక్కడనుండెను, నేడది జరిగినది. ప్రతి తరమును ఆ గట్టును కొంత జరుపుచున్నది. గట్టు జరిగిన తరువాత కూడ పాత హద్దులోనే నిలిచి “రాత” యనువాడు, తెలిసికొనుటకు బద్ధకించుచున్నాడు. మంచిరోజు, చెడ్డరోజు చూచుకొని చేయవలసిన పనిని ఆపుటను బసవేశ్వరుడు ఒప్పుకొనలేదు. పూర్వజన్మ పాపముచేత ఆ పిల్ల చనిపోయినదని చెప్పు పెద్దలు కూడ కొందరు కలరు. ఒక్క రాత్రియైన బ్రదుకని ప్రాణిమీద నేరము మోపుటకు ఎంత ధైర్యము కావలెనో!

అయితే గట్టును జరుపుటలో మరియొక అపాయమున్నది. విధిని తొలగించినంత మేర నేరము వచ్చి కూర్చుండును. “నిద్రపోకుండ కాచుకొనియుండినచో బ్రదికెడిది” అని కోడలు తనలో తాననుకొనుచున్నది. ఆమె పలుకకుండుటకు సిగ్గు ఒక కారణమైనచో ఇది రెండవ కారణము. మన ఇండ్లలో కొట్టము ఆడవారి పాలు. మేక ఈనినచో లాభము ఇంటిది. పిల్ల చచ్చినచో తప్పు కోడలిది. పైకి ఎవరును అననక్కరలేదు, ఆమెయే తన పేర వ్రాసికొనును. ఈ లెక్క సరిచూడవలసినదే. మేక అయిదు నెలలు మోయును. కడుపులోని పిల్ల బరువులో అధికభాగము చివరి ఆరు వారములలోనే పెరుగును. అనగా పుష్యమాసపు రాత్రి బలము లేక పడిపోయిన పిల్ల, మార్గశిరమాసపు మేతలోనే బలము కోల్పోయినది. ఆ నెల తల్లికి గుప్పెడు దాణా అధికముగ పెట్టవలెనని ఆ యింట ఎవరికి తెలియును? మేక ఎప్పుడు కట్టినదో ఎవరు గుర్తు పెట్టుకొనిరి? రేకుల కొట్టమునకు గాలివాటున గోనెపట్టా కట్టవలెనని ఎవరు తలచిరి? అందరి మరపును తెచ్చి ఒక్కతె నిద్రమీద పెట్టుట న్యాయము కాదు. ఆమె నిద్రపోయినది పగలంతయు పనిచేసి. కాయకము చేసినవారికి నిద్ర నేరము కాదు.

ఇన్నియు చేసినను కొన్ని పిల్లలు పోవును. చక్కని శాలలలో, వైద్యుడు ప్రక్కనున్న చోట్ల కూడ పోవుచున్నవి. చేయదగినది చేయనందున పోయినదానికి పశ్చాత్తాపము తగును. చేసినను పోయినదానికి దుఃఖము మాత్రమే తగును. ఈ రెండింటిని కలిపి కుడుచువాడు రెంటిలో దేనిని సరిగ అనుభవింపలేడు. పశ్చాత్తాపమునకు చేయవలసిన పనులున్నవి. దుఃఖమునకు చేయవలసిన పని యేదియు లేదు, కొంతకాలము దానితో కూర్చుండుట తప్ప.

ఇచ్చట వీరశైవులకొక సౌలభ్యమున్నది. జనన, మరణాది పంచసూతకములు లింగధారులకు లేవని శరణులు చెప్పిరి. అది గొప్ప మాటయని ఉపన్యాసములలో చెప్పుచునే యుందుము. దాని యుపయోగము చలిరాత్రి కొట్టములో కనబడును. పురుడు ముట్టు మైల యని వెనుకాడనక్కర లేని చేయి, తడిపిల్లను వెంటనే ఎత్తగలదు. పూజకు కూర్చున్నవాడైన మేక నొప్పుల అరపు విని లేచిపోవచ్చును. కాని సూతకము లేదనగా శౌచము లేదని కాదు. ఈసుకొనిపోయిన మేకల మాయను వట్టి చేతులతో ముట్టరాదు. బ్రూసెల్లా వంటి రోగములు ఆ దారిని మనుష్యులకు సంక్రమించును. చేతికి తొడుగు, తరువాత సబ్బునీరు. ఈ రెండును మడికి సంబంధించినవి కావు.

ఇంతవరకు మనుష్యుల మాటయే వచ్చినది. ఆ కొట్టములో మరియొక శోకార్తురాలున్నది. పిల్ల పోయిన తరువాత రెండు మూడు దినములు తల్లిమేక ఆ గోడవారకే పోయి వాసన చూచును, పిలుచును. పశువుకేమి తెలియునని దానిని త్రోసిపుచ్చుట సులభము. 1964లో అమెరికాలో క్లాప్ఫర్ మొదలగు శాస్త్రజ్ఞులు మేకలపై చేసిన పరీక్షలలో, పుట్టగనే అయిదు నిముషములు పిల్లను తల్లి దగ్గర నుంచినచో ఆ తరువాత కొన్ని గంటలు వేరుచేసినను తల్లి దానిని తనదిగా చేర్చుకొన్నదనియు, ఆ అయిదు నిముషములు లేనిచో త్రోసివేసినదనియు తేలినది. 2012లో ఇంగ్లండులో జరిగిన మరియొక పరిశోధనలో, పాలు మాని వేరుపడిన తరువాత ఎన్నో నెలలకు కూడ తల్లిమేకలు తమ పిల్లల గొంతును ఇతర పిల్లల గొంతు నుండి వేరుగ గుర్తించినట్లు తెలిసినది. గొంతు జ్ఞాపకముండునదానికి ఆ గొంతు లేకపోవుట తెలియదని ఎట్లు చెప్పుదుము? దాని దుఃఖము మన దుఃఖము వంటిదని నిరూపించుటకు మార్గము లేదు. కాదని నిరూపించుటకును లేదు. అట్టి సందేహమున్నప్పుడు దయ వైపు మొగ్గుటయే మేలు. సకలప్రాణులయందు దయ లేని ధర్మము ధర్మమే కాదని చెప్పిన గురువు శిష్యులకు ఇందు వాదము పనిలేదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివిన ఇండ్లలో బెజ్జమహాదేవి కథ తెలియనివారుండరు. శివునికి అందరును ఉన్నారు గాని తల్లి లేదే యని తల్లడిల్లి, తానే తల్లియై లింగమును బిడ్డగా పెంచిన ముగ్ధురాలామె. ఆ బిడ్డ ఒకనాడు పాలు ముట్టక అనారోగ్యము నటించినప్పుడు ఆమె పడిన వేదన ఆ కథలో ప్రధానము. ముల్లోకములను ఏలువానికి అంగిట రోగమేమని ఆమె తర్కింపలేదు. పాలు పట్టని నోరు ఎదుట నున్నది; ఆమెకు అంతే తెలియును. సోమనాథుడు ఆమె అజ్ఞానమును పరిహసింపలేదు. మేకపెంటికనే లింగముగా భావించి, మేకపాలతో అభిషేకించిన గొల్లభక్తుని కథ కూడ మన సాహిత్యమున నున్నది. ఇట్టి కథలను విని చేతులు మోడ్చువారు, పాలు పట్టని మేకపిల్లను ఒడిలో పెట్టుకొన్న కోడలిని “చదువులేనిది” అని చప్పరించుట వింతగానుండును.

మధ్యాహ్నము ఆ యింటివారు పిల్లను పాతిపెట్టిరి. మట్టిగుట్టల వైపు విసరివేయుట కొందరికి అలవాటు. దానివలన కుక్కలు రుచి మరిగి మరునాడు కొట్టము దగ్గరకే వచ్చును. రోగముతో పోయినదైనచో ఊరంతట వ్యాపించును. లోతుగా త్రవ్వి, సున్నము చల్లి, మట్టి కప్పుటయే సరి. పిల్లవాడు బడి మధ్యలో అన్నమునకు వచ్చి, అవ్వ పెట్టెలోని విభూతి తెచ్చి దాని నుదుట పెట్టినాడు. పశువునకు విభూతియేమని కొందరు పెద్దలు అడుగవచ్చును. శాస్త్రప్రమాణము వెదకువారు వెదకనిండు. పదేండ్ల పిల్లవానికి తనకు తెలిసిన గౌరవములలో పెద్దది అదియే, దానిని ఇచ్చినాడు. అవ్వ వారింపలేదు.

సాయంకాలము వాడు తన ప్రశ్నను అడిగినాడు.

“అవ్వా, అది బతికితే ఏం జేస్తుంటిమి?”

“సాదుకుంటుంటిమి కొడుకా.”

“పెద్దగైనంక?”

అవ్వ బియ్యము ఏరుచున్నది. చేట ఆగలేదు గాని ఆమె జవాబు చెప్పలేదు. అది పోతుపిల్ల. పెంటియైనచో పాలకు, ఈతకు ఉంచుకొనెడివారు. పోతును ఏడాది తిరుగకముందే బేరగాడు తోలుకొనిపోవును. ఎక్కడికో ఆ యింట అందరికి తెలియును, ఎవరును అనరు. మాంసము ముట్టని ఇల్లది. కత్తి వారి చేతిలో లేదు. త్రాడు మాత్రము వారి చేతినుండియే పోవును.

ఈ ప్రశ్న ఎదుట ఇంతవరకు చెప్పిన మాటలన్నియు తడబడుచున్నవి. ఒక్క రాత్రి బ్రదికి పోయిన పిల్లకు గొంగడి, విభూతి, కన్నీరు. పది నెలలు బ్రదికిన దానికి తూకము, బేరము. ఏది నిజము? కొందరు చెప్పుదురు: అమ్మువానికి ఏడ్చు హక్కు లేదు, ఆ కన్నీరు నటన. ఈ మాట పదునుగానున్నది, కాని సరియైనది కాదు. అది శోకమును ఆపుమనుచున్నదే గాని అమ్మకమును ఆపుమనుట లేదు. రెండింటికి పొసగనప్పుడు, మనలోని మెత్తని దానినే తీసివేయవలెనా? మరికొందరు చెప్పుదురు: అది లోకరీతి, పేదవాడు ధర్మవిచారము చేయలేడు. ఇది పేదవానికి ధర్మము లేదనుట. బసవేశ్వరుని చుట్టు చేరినవారు చెప్పులు కుట్టినవారు, పడవ నడిపినవారు, కట్టెలు కొట్టినవారు. వారందరు ధర్మవిచారము చేసినవారే.

యజ్ఞమునకు బలిగా తెచ్చిన మేకను సంబోధించి బసవేశ్వరుడు చెప్పిన వచనమొకటి ప్రసిద్ధము. అందు ఆయన మేకను ఓదార్చలేదు. దాని ఏడ్పును మానుమనలేదు. చదువుకొన్నవారి చెవిని ఆ ఏడ్పు పడవలెననియే అందలి తాత్పర్యము. ఏడ్పును ఆయన బలహీనతగా గాక సాక్ష్యముగా గ్రహించినాడు. ఆ దృష్టితో చూచినచో కోడలి కన్నీరు నటన కాదు. ఆ ఇంటికి వ్యతిరేకముగా ఆ ఇంటనే పుట్టిన సాక్ష్యము. దానిని అణచిపెట్టినచో బేరగానితో బేరము సుళువగును. అణచిపెట్టనిచో కష్టమగును. ఆ కష్టము వలదనుకొనువారు శోకమును పశువులయెడల అనవసరమని సిద్ధాంతము చేయుదురు.

పోతుపిల్లలను అమ్మని ఇల్లు వాటిని ఏమి చేయవలెను? మేత ఎక్కడిది? పెంటిమేకల పాలు అమ్ముకొని పోతులను పోషించుట రెండు మేకల ఇంటికి సాధ్యమా? మేకలనే మాని కోడలు కూలికి పోవలెనా? ఇవి తేలికగా తేల్చవలసిన సంగతులు కావు; మఠములో కూర్చుండి తేల్చవలసినవి అసలే కావు. కొన్ని ఇండ్లు పెంపకమే మానినవి. కొన్ని పాలకని ఆవుకు మారినవి. మారిన తరువాత కోడెదూడ విషయమున అదే ప్రశ్న ఎదుట నిలిచినది. ఈ చిక్కును పూర్తిగా విప్పుకొన్న ఇల్లు ఉన్నదని చెప్పుట కష్టము. కాని ప్రశ్న అడిగిన పిల్లవానిని “ఊరుకోరా” అని గదమాయించిన ఇంటికి, గదమాయింపని ఇంటికి వ్యత్యాసమున్నది. ఆ ఇంట ఎవరును గదమాయింపలేదు.

మిగిలిన పిల్ల పెంటి. దానికి ఆ రాత్రి తల్లి పాలు సరిపోయి మిగిలినవి. ఆ యింటి యజమాని గోనెపట్టాలు రెండు తెచ్చి కొట్టమునకు గాలివాటున కట్టినాడు. కోడలు గోడమీది క్యాలెండరులో మరియొక మేక కట్టిన దినమును పిల్లవానిచేత గుర్తు పెట్టించినది. వాడు అయిదు నెలలు వ్రేళ్లమీద లెక్కించి, చివరి ఆరు వారములకు పెన్సిలుతో గీత గీసినాడు. అవ్వ గొంగడిని ఉతికి ఆరవేసినది.

పోయిన సంవత్సరపు పోతుమేక ఒకటి ఇంకను గుంజకు కట్టబడియున్నది. దానికి తుమ్మకొమ్మ వేయుట పిల్లవాని పని. బేరగాడు ఆదివారము వచ్చెదనని చెప్పిపోయినాడు.